కుడి పెడలు

కుళాయి కట్టేసినా, తలుపుకి తాళం వేసినా, గ్యాసు మీట తిప్పినా ఆమె పైకి వినపడేలా లెక్క పెడుతుంది. ఒకటి, రెండు, మూడు. ఆ లెక్క మధ్యలో ఎవరు పిలిచినా పలకదు. కొంప అంటుకుందన్నా సరే, చేతిలో అంకె పూర్తయ్యాకే తల తిప్పుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెకి చెవుడనుకుంటారు. పాతవాళ్లు మాత్రం, "ఆగండి, స్పానరక్క లెక్కలో ఉంది" అంటారు.

స్పానరక్క అన్న పేరు ఎదురు కొట్లో బట్టలు కుట్టే ముసలాయన పెట్టాడు. తండ్రి నడిపిన సైకిళ్ల కొట్టు ఇరవై రెండేళ్లకే ఆమె చేతికొచ్చింది. ఎవరైనా పెళ్లి ఊసెత్తితే, "చక్రం వంకరైతే తీయగలను గానీ మనిషి వంకర తీయడం నావల్ల కాదు" అనేది. కొట్టు మహా ఇరుకు. ఒకరు సైకిలు తోసుకుంటూ లోపలికొస్తే ఇంకొకరు బయటికి పోవాల్సిందే. గోడల నిండా చక్రాలు, పైన కొక్కేలకి ఫ్రేములు, గ్రీజు పీల్చి పీల్చి నల్లబడ్డ చెక్కబల్ల. సైకిలుకి సంబంధించి అక్కడ దొరకనిది ఒక్కటే, క్లిప్‌లెస్ పెడళ్లు. అడిగితే, "నేను అమ్మను, నేను బిగించను" అంటుంది. ఎందుకో చెప్పదు.

మామూలు ప్లాట్‌ఫాం పెడలు ఒక పలక లాంటిది. ఏ చెప్పుతోనైనా తొక్కొచ్చు, భయమేస్తే కాలు తీసి నేలకి ఆనించొచ్చు. క్లిప్‌లెస్ పెడలు అలా ఊరుకోదు. బూటు అడుగున బిగించిన క్లీట్ అనే బిళ్లని టక్కుమని పట్టుకుంటుంది. ఇక బండి, కాలు ఒకటే. కిందికి తొక్కినప్పుడే కాక కాలు పైకి లాగినప్పుడూ బండికి బలం అందుతుంది. అందుకే పందేల్లో తొక్కేవాళ్లకి అదంటే ప్రాణం. కాలు బయటికి రావాలంటే మాత్రం మడమ పక్కకి తిప్పాలి. ఎంత గట్టిగా తిప్పాలన్నది పెడలు వెనక ఉన్న ఒక చిన్న స్క్రూ చేతిలో ఉంటుంది. దాన్ని తిప్పుతుంటే ఒక్కో మెట్టుకీ టిక్కుమంటుంది.

పదకొండేళ్ల కిందట ఆమె తమ్ముడు ఆ స్క్రూ కోసమే వచ్చాడు. వారమంతా అచ్చు యంత్రాల దగ్గర పని, ఆదివారాలు సైకిలు పందేలు. ఆ వారం మెట్ల మీద జారి కుడి చీలమండ బెణికించుకున్నాడు.

"అక్కా, మడమ సరిగ్గా తిరగట్లేదు. రెండు పెడళ్లూ కాస్త వదులు చెయ్యి."

"నడవడం చేతకాదు గానీ పందేలొకటా నీకు?"

"నడవడం చేతనైతే సైకిలెందుకక్కా?"

ఎడమ పెడలు స్క్రూని ఎనిమిది టిక్కులు వదులు చేసింది. కుడి దాని మీద స్క్రూ తిప్పే కీ పెట్టింది. అంతలో గుమ్మం దగ్గర ఎవరో టైరు పంక్చరని, ఆఫీసుకి వేళ దాటిపోతోందని ఒకటే గోల. కీ అక్కడే పడేసి లేచింది. ఆ పంక్చరు వేసి చేతులు తుడుచుకుంటూ తిరిగొస్తే, తమ్ముడు బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా అక్కా?"

"అయింది, పో."

రెండు రోజుల తరవాత మళ్లీ మొదటిసారి బండెక్కినప్పుడు, నాలుగు రోడ్ల దగ్గర ఎర్రలైటు పడి బండి ఆపబోయాడు. కుడివైపు ఒరిగాడు. ఆ పక్కనే లారీ ఉంది. చూసినవాళ్లంతా ఒక్క మాటే చెప్పారు, పడిపోయాక కూడా కుడి కాలు పెడలుకే ఉందని.

వంకర్లు పోయిన ఆ సైకిలు చివరికి ఆమె కొట్టుకే చేరింది. పెడళ్లు రెండూ విప్పి ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి పై అరలోకి తోసేసింది. కుడి పెడలు ఆ రోజు వదులు చేసిందో లేదో తెలియాలంటే ఒక కీ, ఒక్క నిమిషం చాలు. పదకొండేళ్లలో ఆ నిమిషం ఆమెకి దొరకలేదు. వదులు చేశానేమో, చెయ్యి దానంతటదే పని పూర్తి చేసిందేమో అన్న ఆశ ఒకటి అందులో దాగి ఉంది మరి. డబ్బా తెరిస్తే అదీ పోతుంది.

మధ్యాహ్నం వీధి సద్దుమణిగి కొట్లో తానొక్కతే ఉన్నప్పుడు, వెనకాల టక్కుమని క్లీట్ పడిన చప్పుడు వినిపించేది. చూస్తే ఎవరూ ఉండరు. స్క్రూ మీద కీ పెట్టిన ప్రతిసారీ తమ్ముడు చెవి పక్కనే, నింపాదిగా, "అయిపోయిందా అక్కా?" అనేవాడు. చిరాకు పడ్డట్టు ఉండదు ఆ గొంతు. చిరాకు పడినా బాగుండేది. ఎదురు కొట్లో ముసలాయన మాత్రం, "ఎవరితోనమ్మా మాటలు?" అని నవ్వేవాడు. "చక్రంతో" అనేది.

తమ్ముడి భార్య ఇవేవీ ఎరగదు. వంటింట్లో ఏది చేసినా "వదినకి" అంటూ ఒక గిన్నె ముందే తీసి కొట్టుకి పంపేది. ఆ గిన్నె మూత తీసిన స్పానరక్క రెండు ముద్దలకే మళ్లీ మూత పెట్టేసేది.

మొన్న వానలు తగ్గాక మేనకోడలు వచ్చింది. పందొమ్మిదేళ్లది, అచ్చం తండ్రి కాళ్లే. కాలేజీ సైకిలు జట్టు ఎంపికకి ఇంకా మూడు వారాలుంది.

"అత్తా, నాకు క్లిప్‌లెస్ పెడళ్లు బిగించాలి. ఇవిగో, తెచ్చుకున్నాను కూడా."

స్పానరక్క వాటి వంక చూడలేదు. కొక్కేనికి వేలాడుతున్న ప్లాట్‌ఫాం పెడళ్లు దించింది. "ఇవి చూడు. పైన పిన్నులున్నాయి, బూటు జారదు. ఎంత మెరకైనా ఎక్కుతావు."

"వీటితో పందెంలోకి దిగానంటే, నడిచి వెళ్లేవాళ్లు కూడా నన్ను దాటి, వెనక్కి తిరిగి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి మరీ పోతారు."

"బాగున్నారని చెప్పు. తప్పేముంది?"

"అత్తా!"

"నేను బిగించనే."

పిల్ల కాసేపు బెల్లు తిప్పుతూ నిలబడింది. "నాన్న వల్లే కదా? నాన్నకి తొందరెక్కువట. ఎర్రలైటు దగ్గర చివరిదాకా కాలు తీసేవాడు కాదట. ఆయన పొగరే ఆయన్ని తినేసిందని అమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది. నేను అలా చెయ్యనులే. నువ్వు బిగించకపోతే పెద్ద రోడ్డు మీద కొట్లో బిగిస్తారు. కానీ నాకు నీ చెయ్యే కావాలి. మా అక్క చెయ్యి తప్పదు అనేవాడట నాన్న."

స్పానరక్క స్టూలు జరిపింది. "కూర్చో" అని పై అర మీంచి డబ్బా దించింది.

ముందు ఎడమ పెడలు. స్క్రూని పూర్తిగా వదులయ్యేదాకా తిప్పుతూ పైకి లెక్కపెట్టింది. నాలుగు టిక్కులకి ఆగిపోయింది. తరవాత కుడిది. తుప్పుకి స్క్రూ కదల్లేదు. నూనె చుక్క వేసి, అది లోపలికి ఇంకేదాకా ఆగింది. మళ్లీ కీ పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు దగ్గర ఆగుతుందేమోనని చూసింది. స్క్రూ ఆగలేదు. ఐదు. ఆరు. పన్నెండు దాకా తిరిగింది.

"ఆ రోజు రెండూ పన్నెండు మీదే ఉన్నాయి, రెండూ ఎనిమిదేసి వదులు చెయ్యాలి" అంది స్పానరక్క. "ఎడమది చేశాను. కుడిదాన్ని ముట్టుకోలేదు. అయిందని చెప్పి పంపించాను. మీ నాన్న కాలు తీయబోయే ఉంటాడమ్మా. రాలేదు."

పిల్ల స్టూలు మీంచి లేచింది. "అమ్మకి తెలుసా?"

"నాకే ఇప్పుడు తెలిసింది."

"కాదత్తా. నీకు పదకొండేళ్ల నుంచీ తెలుసు. ఇవాళ లెక్కపెట్టావంతే."

సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయింది. తెచ్చుకున్న పెడళ్లు కూడా సంచిలో వేసుకుని పోయింది.

ఆ సాయంత్రం స్పానరక్క కొట్టు వేళకి ముందే మూసి మరదలింటికి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోకుండా, గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. మరదలు చేతిలో ఉన్న గుడ్డని మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"ఇన్నాళ్లూ ఆయన్నే తిట్టుకున్నాను వదినా" అంది చివరికి. రమ్మనలేదు, పొమ్మనలేదు.

గొంతు వినపడటం ఆగుతుందనుకుంది స్పానరక్క. ఆగలేదు. ఇప్పుడు ఆ గొంతు ఏమీ అడగదు, "అక్కా" అని మాత్రం పిలిచి ఊరుకుంటుంది.

మేనకోడలు జట్టులో ఉంది. క్లిప్‌లెస్ పెడళ్లే తొక్కుతుంది, పెద్ద రోడ్డు మీద కొట్లో బిగించారు. గొలుసు, బ్రేకులు, చక్రాలు మాత్రం నెలకోసారి మేనత్త చేతే చూపించుకుంటుంది. వచ్చే ముందు పెడళ్లు ఇంట్లోనే విప్పేసి, బండిని నడిపించుకుంటూ తెస్తుంది.