గ్యారంటీ ఇవ్వని మనిషి

మా నాన్నది ఫ్యాన్లు బాగుచేసే దుకాణం. నిజం చెప్పాలంటే మోటారుకు రాగి తీగ చుట్టేది మా అమ్మ. నాన్న విప్పుతాడు, బిగిస్తాడు, వచ్చినవాళ్లతో వాదిస్తాడు. ముప్పై ఏళ్లుగా ఒకటే వాదన.

"గ్యారంటీ ఉందా?" అంటారు వాళ్లు.

"లేదు. ఆర్నెల్లు వారంటీ ఉంది."

"రెండూ ఒకటేగా!"

ఇక అయిపోయినట్టే. నాన్న స్క్రూడ్రైవరు కింద పెడతాడు. "గ్యారంటీ అంటే పాడవదని మాటివ్వడం. ఆ మాట నేనివ్వలేను. ఫ్యాను లోపల నేను కూర్చోనుగా? వారంటీ అంటే, పాడైతే తీసుకురండి, నేను చూసుకుంటాను అని. అది ఇస్తాను."

సగంమంది విసుక్కుని ఎదురు దుకాణానికి పోతారు. అక్కడ జీవితకాలం గ్యారంటీ. వీధిలో నాన్నకు 'వారంటీ' అనే పేరు స్థిరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

పోయిన ఏడాది అమ్మ కుడికంటికి మసక కమ్మింది. ఎడమది చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం. ఆపరేషన్ చేయాలన్నారు. మళ్లీ తీగ చుట్టే మిషను ముందు కూర్చోలేనేమోనని అమ్మ బెంగ పెట్టుకుంది.

మొదటి డాక్టరు నాన్న భుజం తట్టి, "చూపు గ్యారంటీ అండీ, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నాన్న ఫైలు చంకలో పెట్టుకుని లేచి వచ్చేశాడు. "కంట్లో ఆయన కూర్చుంటాడా?" అన్నాడు మెట్లు దిగుతూ.

రెండో డాక్టరమ్మ, "చూపు ఎంత వస్తుందో చెప్పలేను. ఇబ్బందైతే మాత్రం ఎప్పుడైనా రండి, నేనే చూస్తాను" అంది. నాన్న మొహం వెలిగిపోయింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆపరేషన్ రోజు, చక్రాల కుర్చీలో కూర్చున్న అమ్మ అడిగింది. "ఏవండీ, నాకు మళ్లీ కనిపిస్తుందిగా?"

ఊరికే 'ఆఁ' అంటే సరిపోయేది. నేను ఆయన కాలు తొక్కాను కూడా.

"అది నేను చెప్పలేను," అన్నాడు నాన్న. "కనిపించకపోతే నేను చూసుకుంటాను."

అమ్మ మొహం తిప్పేసుకుంది. లోపలికి తీసుకెళ్లేదాకా ఆయన వైపు చూడలేదు. నేనైతే వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

చూపు సగమే వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని గుర్తుపడుతుంది. మిషను మీద ఎన్ని చుట్లయ్యాయో చూపే చిన్న అంకెలు మాత్రం కనిపించవు. తీగ సంగతి వేళ్లకు తెలుస్తుంది కానీ లెక్క తెలియదు. లెక్క తప్పితే ఫ్యాను వేడెక్కి కూర్చుంటుంది. అమ్మ మిషను మీద గుడ్డ కప్పేసింది.

మర్నాడు నాన్న ఆ గుడ్డ తీసి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అమ్మ చుడుతుంటే అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎవరైనా వస్తే ఆగమని చెయ్యి చూపిస్తాడు. వాదించడానికి ఇప్పుడాయనకు తీరిక లేదు.

ఎనిమిది నెలలైంది. మొన్న దుకాణానికి వెళ్లినప్పుడు నోరూరుకోక అడిగాను. "ఆర్నెల్లు దాటిపోయాయిగా నాన్నా, ఇంకా వారంటీ ఉందా?"

అమ్మ చెయ్యి ఆగింది. నాన్న నా వైపు చూడనైనా లేదు.

"రెండొందల పదకొండు," అన్నాడు.

అమ్మ పిడి తిప్పింది.

"రెండొందల పన్నెండు."