నేను తిరిగివ్వని పంట రొట్టె

ఒక ముక్క రొట్టె ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. నమిలాను, మింగాను, పైన నీళ్లు కూడా తాగాను. దిగలేదు. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు, ఆయనకు తెలియనిదేముందిలే అని తప్పించుకుంటూ వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. పేరు మాత్రం అడగకండి. ఆ పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

మాది చిట్టమూరు దగ్గర ఒక పల్లె. నేను చెప్పబోయేది అరవైల చివర జరిగింది. పెంచలయ్య నా ఈడువాడు. చిన్నప్పుడు కలిసి పీతలు పట్టినవాళ్లం, ఒకే పలక మీద ఇద్దరం రాసినవాళ్లం. తర్వాత నేను మా నాయన వెంట సేద్యంలోకి దిగాను, వాడు వాళ్ల నాయన వెంట పాలేరుతనంలోకి దిగాడు. ఆ తేడా మా మధ్యకు రాలేదనే అనుకునేవాణ్ణి. వాడు నన్ను 'రేయ్' అనే పిలిచేవాడు. ఆ పిలుపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ చెబుతాను.

ఆ ఏడు పెంచలయ్య మొదటిసారి సొంతంగా సేద్యం చేశాడు. ఒక ఆసామిని బతిమాలి ఒక కయ్య కౌలుకు తీసుకున్నాడు. కయ్య అంటే మా వైపు వరిమడి. అది సరిగ్గా మా కయ్యకు పైన ఉంది. ఈ పంట చూసి తర్వాత మాట్లాడదాం అన్నాడట ఆసామి. పంట పండితే కయ్య వాడి చేతిలో ఉంటుంది, లేకపోతే వాడు మళ్లీ ఒకరి కొట్టంలో పేడ ఎత్తాలి. పెళ్లాం తొలి కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది. బిడ్డ పుట్టేసరికి తను పాలేరు కాకుండా రైతు కావాలని వాడి ఆశ. పెద్ద ఆశేం కాదు కదా?

వానలు ఆలస్యమై నాట్లు ఆలస్యమయ్యాయి. ఎండలు మొదలయ్యేసరికి వెన్నులు ఇంకా పాలు పోసుకుంటున్నాయి. చెరువులో అడుగు కనిపిస్తోంది. మిగిలింది ఒక్క తడి, అదీ అందరికీ చాలుతుందో లేదో తెలియదు. పెద్దలు కూర్చుని వంతులు కట్టారు. చివరి తడికి మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వంతు వస్తే వాళ్ల మనిషి పార పట్టుకొని తమ మడవ దగ్గర, అంటే కాలవ నుంచి కయ్యలోకి నీళ్లు తిప్పే గండి దగ్గర, నిలబడి ఉండాలి. మనిషి లేకపోతే నీళ్లు ఆగవు, కింది కయ్యకు పోతాయి. పోయిన వంతు మళ్లీ రాదు. అన్నదమ్ములైనా అంతే.

ఆ ఎండల మొదట్లోనే పీర్ల పండగ వచ్చింది. పండగకు నెల్లూరు పోదామని మేమిద్దరం ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. అక్కడ దర్గా పక్కన చెరువులో జనం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. సాయిబులని లేదు, హిందువులని లేదు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, పంట రొట్టె, ఎవరి కోరిక వాళ్లది. కోరిక ఉన్నవాడు రొట్టె తీసుకొని తింటాడు. అది తీరితే మరుసటి ఏడు వచ్చి అలాంటి రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. పెంచలయ్యకు పంట రొట్టె కావాలి. వాడి వంతు నీళ్లు పండగ మర్నాడు, నావి వాడి తర్వాత. కాబట్టి పండగనాడు తీరికే.

బయలుదేరే ముందురోజు సాయంత్రం నీరుకట్టు మా ఇంటికి వచ్చాడు. నీరుకట్టు అంటే తూము దగ్గరుండి వంతు ప్రకారం నీళ్లు వదిలేవాడు.

"పైన ఇద్దురు పంటమీద ఆశొదులుకున్నారబ్బయ్యా. వంతులు ముందుకొచ్చినాయి. పెంచలయ్యది రేపు మద్దేనం తిరిగినాక. ఇంటికాడికి పోతే తాళమేసుండాది. నువ్వు చెప్పు, మర్చిపోబాక."

సరే అన్నాను. నిజంగానే సరే అన్నాను. ఆ క్షణాన నా మనసులో ఏమీ లేదు. ఉందా? ఇన్నేళ్లుగా ఆ 'సరే'ను తిరగేసి చూసుకుంటున్నాను. మా కయ్య మీద ఆ నెలంతా వాడి కయ్య నీడ పడుతున్నట్టే ఉండేది నాకు. వాడి వరి మా వరికంటే ఒక జానెడు ఎత్తు లేచింది. దారినపోయే ప్రతివాడూ వాడి గట్టుమీద ఆగేవాడు. మా నాయన కూడా "పాలేరోడి సేద్యం జూడు, నీ సేద్యం జూడు" అన్నాడు. నాకు మండింది. అంతేకాదు, చెరువులో నీళ్లు వాడి కయ్య తడిసేవరకే వస్తాయని నేను కళ్లతో కొలిచి చూసుకున్నాను. వాడికి పారితే నాకు పారవు. ఇది భయమా, ఓర్వలేనితనమా? భయమే అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. భయమైతే జనం కొంచెం క్షమిస్తారు గదా.

పొద్దున్నే బస్సు దగ్గర కలిశాం. వాడు చలవ చేసిన చొక్కా వేసుకొని, తలకు నూనె రాసుకొని, పెళ్లికొడుకులా ఉన్నాడు. ఇప్పుడు చెబుదాం అనుకున్నాను. బస్సు వచ్చింది. నాయుడుపేటలో చెబుదాం, అక్కడ నుంచి తిరుగు బస్సు ఉంటుంది. నాయుడుపేటలో వాడు నాకు టీ ఇప్పించాడు. రైల్లో చెబుదాం. గూడూరులో మా బండి ఆగినప్పుడు, నాయుడుపేట వైపు పోయే బండి అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. దిగి, ఆ బండి ఎక్కితే మధ్యాహ్నానికి ఊళ్లో ఉంటాడు. నేను ఆ బండినే చూస్తూ కూర్చున్నాను. "ఏందిరా అట్టా చూస్తాండావు, తెలిసినోళ్లెవురైనా ఉండారా?" అన్నాడు. లేరన్నాను. ఆ బండి కదిలిపోయింది. అది కదిలాక నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నెల్లూరులో వాడికి తొందరే లేదు. ఒక హోటల్లో దోసెలు తిన్నాం. కారం దోసె తిని, కళ్లల్లో నీళ్లు కారుతుంటే నవ్వి, ఇంకోటి తెప్పించుకున్నాడు. పెన్న ఒడ్డుకు పోయి ఇసకలో చెప్పులు విప్పి నడిచాడు. బజారులో పెళ్లానికి గాజులు చూశాడు, చూసిన అంగడే మళ్లీ చూశాడు. పుట్టబోయే బిడ్డకు ఒక లక్క గిలక్కాయ కొన్నాడు, దారిపొడుగునా దాన్ని తనే ఆడించుకుంటూ నడిచాడు. నేను మాత్రం ఒకచోట నిలబడలేకపోయాను. తల పైకెత్తి పొద్దు చూడటం, తల దించుకోవడం. ప్రతి అంగడి గోడకూ గడియారం ఉన్నట్టే ఉంది. పొద్దు నడినెత్తి దాటింది. ఇప్పుడు నీళ్లు మా కాలవలోకి మళ్లి ఉంటాయి. ఇప్పుడు వాడి మడవ దగ్గరికి వచ్చి ఉంటాయి. "కాళ్లకింద నిప్పులుండాయా?" అని వాడు ఎగతాళి చేశాడు. ఎండ అన్నాను. పాపం, తన తలగుడ్డ విప్పి నా తలకు చుట్టాడు.

దర్గా పక్క చెరువులో దిగాం. జనం కేకలు వేస్తున్నారు, ఫలానా రొట్టె అని. ఒక ముసలి సాయిబు "పంట రొట్టె, పంట రొట్టె" అంటూ మా వైపు వచ్చాడు. పోయినేడు తన పొలం పండిందట. పెంచలయ్య రెండు చేతులూ పట్టి రొట్టె తీసుకున్నాడు. తల మీద నీళ్లు చల్లుకున్నాడు. తర్వాత, నేను అడక్కుండానే, రొట్టెను మధ్యకు తుంచి సగం నా ముందు పెట్టాడు.

"నాకొద్దురా, నువ్వు తిను. నీ కోరిక నీది" అన్నాను.

"తినరా సామీ. నీ కయ్య ఎండితే నా కయ్య పండి ఏం సంబరం? గట్టు ఒకటే గదా మనకి."

తిన్నాను.

అప్పటికైనా చెప్పి ఉంటే? నీళ్లు పోయేవే, కాని మనిషి మిగిలేవాడు. వాడు నన్ను చెరువులోనే నాలుగు తన్ని ఉండేవాడు. ఆ తన్నుల కోసం తర్వాత ఎన్నిసార్లు మొహంవాచానో మీకు చెప్పినా నమ్మరు.

ఇందాక ఒక సంగతి దాటేశాను. దాటేసి ముందుకు పోదామనే చూశాను, కాని అది లేకుండా ఇది ఒప్పుకోలు కాదు. ఆ పొద్దున ఇంటినుంచి బయలుదేరే ముందు మా నాయనతో, మధ్యాహ్నం పార తీసుకొని మన మడవ దగ్గర ఉండమని చెప్పాను. "పెంచలయ్య వంతు గదరా?" అన్నాడు. "వాడు రాడులే నాయనా" అన్నాను. మా నాయన నా మొహంలోకి ఒకసారి చూసి, పార వెతుక్కోవడానికి లోపలికి పోయాడు. చూశారా? బస్సు, నాయుడుపేట, గూడూరు, చెబుదాం చెబుదాం అన్నవన్నీ నాకు నేను ఆడుకున్న నాటకాలు. చెప్పేవాడు పార సిద్ధం చేయించడు.

మర్నాడు తెల్లారి మా కయ్యలో నీళ్లు తళతళలాడుతున్నాయి. వాడి కయ్య నెరలు విచ్చి ఉంది. పెంచలయ్య గట్టు దిగి నెరల్లో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత తూము దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ ఇక పారించడానికి నీళ్లు లేవు, చేపలు పట్టేవాళ్లు దిగి ఉన్నారు.

నీరుకట్టును నలుగురిలోకి పిలిచారు. అతను నాకు చెప్పానన్నాడు. అందరూ నా వైపు చూశారు. చెప్పలేదన్నాను. "నీ కయ్య మీద ఒట్టేసి చెప్పు" అని నీరుకట్టు అరిచాడు. వేశాను. అతనికి సాయంత్రమైతే కల్లు తాగే అలవాటుంది. తాగిన మైకంలో ఎవరికి చెప్పాడో ఏమో అన్నారు జనం. అతను ఒకటే అరుపు, నన్ను తిడుతూ, తన పిల్లల పేర్లు పెట్టి ఒట్లు వేస్తూ. ఎవరూ వినలేదు. కాలవలో నీళ్లు చూసి కింది కయ్యవాడు పార తీసుకొని పోవడం మామూలే గనక, మా నాయన అక్కడ ఎందుకున్నాడని కూడా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత తూము పని ఇంకొకరికి ఇచ్చారు. అందరికంటే ముందు అతని మీదికి పోయి నన్ను వెనకేసుకొచ్చింది ఎవరనుకున్నారు? పెంచలయ్య.

వాడి పంట తాలు పోయింది. చేటలో పోసి చెరిగితే గింజ నిలవలేదు. ఆసామి కయ్య తీసేసుకున్నాడు. మా కయ్య పండింది. బాగా పండింది.

ఇక పాలేరుగా ఎక్కడికి పోతాడు? మా ఇంటికి వచ్చాడు. మా నాయన మారుమాట లేకుండా పెట్టుకున్నాడు. మంచి పని చేశాడని ఊరంతా మెచ్చుకుంది. పనిలో చేరిన మొదటిరోజు పెంచలయ్య కొట్టం ఊడ్చి, నా ఎదురుగా వచ్చి, "ఎద్దులకి నీళ్లు పెట్టమంటావా అన్నా?" అన్నాడు. నా ఈడువాడు. 'రేయ్' పోయింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఒకసారి నేనే, మునుపటిలా 'రేయ్' అని పిలవమని అడిగాను. నవ్వి, "బాగుండదులే అన్నా" అన్నాడు.

మరుసటి ఏడు పీర్ల పండగ వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. వాడు గడ్డి దించి, చెమట తుడుచుకుంటూ ఆగాడు.

"నెల్లూరు పోవా అన్నా?"

"ఎందుకు?"

"నీకు పండింది గదా. రొట్టె బాకీ ఉండావు. నేనైతే యాడిస్తా, నాకు తీరలా. నువ్వు పోయి ఇచ్చిరా, ఎవురికో ఒకరికి పంట వస్తాది."

ఎత్తిపొడుపేమోనని వాడి మొహంలో వెతికాను. లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడిలా నేనే తడుముకున్నాను. వాడు నిజంగానే ఎవరో ఒకరి పంట గురించి ఆలోచిస్తున్నాడు.

నేను పోలేదు. ఆ ఏడే కాదు, ఏనాడూ పోలేదు. ఒకసారి మా ఇంటామెతో రొట్టె చేయించుకొని నాయుడుపేట స్టేషన్ దాకా పోయాను. బండి వచ్చింది, వెళ్లింది. చెరువులో నిలబడి ఏమని ఇవ్వను? కోరిక తీరిందనా? ఎవరి నీళ్లతో తీరింది? నా చేతి రొట్టె తిన్నవాడికి ఏ పంట పండుతుంది? ఆ రొట్టెను బెంచీ మీదే వదిలేసి ఇంటికి వచ్చాను.

నీరుకట్టు పోయాడు. మా నాయన పోయాడు. ఆయన కూడా పోయేదాకా ఆ పార సంగతి ఎత్తలేదు. పెంచలయ్య ఉన్నాడు, గూడూరులో కూతురి దగ్గర. ఆ గిలక్కాయతో ఆడుకున్న పిల్లే ఆమె. కళ్లు సరిగా ఆనవంటున్నారు. నేను పలకరించడానికి పోతే గొంతు గుర్తుపట్టి, "అన్నొచ్చినాడు, కుర్చీ ఎయ్" అంటాడు. ఇంత వయసులో చెప్పి వాణ్ణి బాధపెట్టడమెందుకు అనుకుంటాను. మళ్లీ అదే నాటకం. బాధ వాడికని ఎవరన్నారు? వాడు ఆ కుర్చీ తీయించేస్తాడేమోనని నా భయం.

మీరు నన్ను ఏమన్నా అనుకోండి. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ గూడూరు స్టేషన్‌లో అవతలి బండి నిలబడి ఉన్నప్పుడు అనవలసిన మాట ఒకటి, పట్టుమని పది పదాలు కూడా లేవు, ఇన్నేళ్లూ నా నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను. వినేవాడు వినకపోయినా సరే, ఒక్కసారి బయటికి అనాలి.

రేయ్ పెంచలయ్యా, దిగు. ఈరోజే నీ వంతు.