చేట కింద ముగ్గు

1982 డిసెంబరు. అప్పుడు నేను జంషెడ్‌పూర్‌లో ఒక టీచర్ ట్రైనింగ్ కాలేజీలో సైన్సు బోధన చెప్పేదాన్ని. ఆ ఏడే సిలబస్‌లో పర్యావరణం అని ఒక పేజీ వచ్చి చేరింది. అందులో పొగ ఉంది గానీ, అంతా ఎక్కడో దూరదేశాల పొగ. మా క్లాసు కిటికీలోంచి రోజూ కనిపించే ఉక్కు కార్ఖానా పొగ గురించి ఒక్క ముక్క లేదు.

ఫైనల్ లెసన్ అంటే, ట్రైనీ బళ్లో పాఠం చెబుతుంటే వెనక బెంచీ మీద ఇద్దరు ఎగ్జామినర్లు కూర్చుని మార్కులేసే పరీక్ష. అందులో తప్పితే ఏడాది కష్టమంతా గంగలో కలిసినట్టే. ఆ ఏడు ట్రైనీల్లో నూకరత్నం అని ఒకమ్మాయి ఉండేది. తండ్రి గోల్‌మురి పేటలో ఉండే కార్ఖానా పనివాడు. ఆ ఇంట్లో మెట్రిక్ దాటింది ఈ పిల్లొక్కతే. తన లెసన్ ప్లాన్‌లో చిమ్నీ అన్న మాటని ఎర్రసిరాతో కొట్టేసింది నేనే. కార్ఖానా ఊళ్లో ఉంటూ కార్ఖానాని వేలెత్తి చూపడమంటే భయం, ఇంకేం కాదు. "చార్టు గీసుకెళ్లు, గట్టెక్కుతావు" అన్నాను.

ఆమె చార్టు గీయలేదు. వాళ్లమ్మ వాకిట్లో వేసే తడిపిండి ముగ్గునే, మూడు రోజుల ముందు బడి మెట్ల మీద పిల్లలచేత వేయించింది. సగం మీద చేట బోర్లించి బరువు పెట్టింది. పరీక్షనాడు అందరినీ మెట్ల దగ్గరికి తీసుకెళ్లి చేట ఎత్తింది. చేట కింద ముగ్గు తెల్లగా ఉంది. బయట ఉన్న సగం బూడిదరంగుకి తిరిగింది, వేలు రాస్తే మసి అంటింది.

ఒక పిల్ల వేలు చూసుకుంటూ అడిగింది. "దీదీ, హమారే అందర్ భీ ఐసా హీ హై?" మన లోపల కూడా ఇలాగే ఉందా అని.

ఆ రోజు ఎగ్జామినర్లలో ఒకదాన్ని నేనే. రెండో ఆయన కద్మా పేటలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు, తెలుగాయనే. గయ్యిమని లేచాడు. "ఏటమ్మా ఇది? చార్టేదీ? కూడెడతన్న కార్ఖానా మీద పిల్లల్ని ఎగదోత్తావా?"

"నానెవురి పేరూ ఎత్తలేదండి. ఆళ్లే ముగ్గేసినారు, ఆళ్లే సూసినారు."

ఆయన ఫెయిల్ మార్కులు వేసి కాగితం నా ముందుకి తోశాడు. ఇద్దరి సంతకాలూ ఉంటేనే అది చెల్లుతుంది. నేను పెట్టలేదు. ప్రిన్సిపాల్ పిలిచి, "ఒక్క అమ్మాయి కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటారా?" అన్నాడు.

"తెచ్చుకుంటానండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండు వారాలు నాన్చి, చివరికి వేరే ఎగ్జామినరుతో మళ్లీ లెసన్ పెట్టారు. నూకరత్నం అదే ప్లాను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మళ్లీ కొట్టేత్తారా మేడంగారూ?" అంది. సిగ్గేసింది నాకు. నేను కొట్టేసిన చోటే, అదే ఎర్రసిరాతో చిమ్నీ అని పెద్దక్షరాలతో రాసి సంతకం చేశాను. ఆమె పాసయింది, అత్తెసరు మార్కులతోనే.

రిటైరయ్యేదాకా ట్రైనీల ప్లాన్లు దిద్దుతూనే ఉన్నాను. ఎర్రసిరా మానలేదు. కాకపోతే పొగ దగ్గర "దూరదేశాల్లో" అని ఎవరు రాసినా కొట్టేసి, పక్కన వాళ్ల పేట పేరు రాయించాను.