సోంబేరి చక్రాలు లేని బండి

బండి కొనేశాం. నాలుగు చక్రాలూ లాగే బండి! మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కాబట్టి, ఎంచే పని నామీదే పడింది. పెనుకొండ అవతల ఇసుక వంక, ఆ వాగు దాటితేనే అవ్వ ఊరు. వానొస్తే అక్కడ ఆటోలు దిగబడతాయి. అందుకే అవ్వ కంటి ఆపరేషన్‌కు మా ధర్మవరం రానని ఇన్నాళ్లూ మొండికేసింది.

హిందూపురం షోరూములో "ఫోర్ వీల్" అనగానే, మగ్గం నేసే మా నాయన నవ్వాడు.

"ఏ కారుకైనా నాలుగు చక్రాలే కదా పాపా?"

"మామూలు కారుకు రెండే లాగుతాయి నాయనా. తక్కినవి ఊరికే వెంట తిరుగుతాయి."

"అంటే రెండు సోంబేరివా? అది మనకొద్దు."

తర్వాత సేల్స్‌మన్‌ వైపు తిరిగాడు. "ఏమప్పా, మా వంకలో తోలి సూపిస్తావా?"

ముందురోజు వానకు తడిసిన ఇసుకలో బండి కాస్త మూలిగి, గట్టెక్కేసింది. నాయన షోరూము ముచ్చట చెప్పగానే అవ్వ వచ్చి చక్రాలన్నీ తడిమింది.

"ఈట్లో సోంబేరిది యాదిరా?"

"ఒగటీ లేదమ్మా," అన్నాడు నాయన.

"అయితే ఆపరేషన్‌కు వస్తా, పాండి పోదాం."

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: కంటాసుపత్రి నర్సక్క, మడకశిర మేనత్త, వంకలో దిగబడినప్పుడల్లా ట్రాక్టరుతో లాగిన మామ. ఇక ఆయన్ను పిలిచే పని లేదని చెప్పాలి.