గుమస్తా చేతిలోని తేమ

"యంత్రం అబద్ధం చెప్పుద్దా మేడమ్?" అని జిన్నింగ్ మిల్లు గుమస్తా నన్ను అడిగినప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

నేను నరసరావుపేటలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఆ రోజు సెలవు పెట్టి మా పక్కింటి అత్తకు తోడుగా మిల్లుకు వెళ్ళాను. వరసకు అత్త కాదు, పిలుపుకు అత్త. ముప్పాళ్ళ దగ్గర కౌలుకు పత్తి వేసింది. అంతకుముందు తేమ ఎక్కువుందని ఇదే మిల్లు ఆమె సరుకును వెనక్కి పంపింది. ఈసారి చర్చి ముందున్న గచ్చు మీద పరిచి, మంచు పడకముందే ఎత్తి, పొద్దెక్కాక మళ్ళీ పరిచి, గింజ కొరికితే టక్కుమనేదాకా ఆరబెట్టింది. ఇదీ తిరిగొస్తే గేటు బయట కాచుకుని కూర్చున్న దళారీకి అతను చెప్పిన ధరకే ఇచ్చేసుకోవాలి.

తేమ చూసే మిషన్‌కు జానెడు పిడి, చివర రెండు రేకులు ఉన్నాయి. ఆ పిడి ఉన్నదే పట్టుకోవడానికి. గుమస్తా మాత్రం పత్తి కుక్కిన బోరెం సంచిలోంచి గుప్పెడు తీసి, రేకుల చుట్టూ చుట్టి, పైనుంచి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"పచ్చిగా ఉంది. తీసుకుపోమ్మా."

"సరేలేయ్యా" అంది అత్త. గుమస్తా మీదకంటే ఆమె మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. అన్ని రోజులు ఎండలో చేసిన చాకిరీని ఒక్క మాటతో వదిలేసుకుంటుందా మనిషి!

ఆ మిషన్ కడుపులో ఏముందో నాకు తెలుసు. ఏటా పిల్లలచేత అలాంటిదే కట్టిస్తాను. రేకుల్లో కాస్త కరెంటు నింపి, దాన్ని సన్నగా కారిపోనిస్తారు. ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో, సెకనును లక్షల ముక్కలు చేసి లెక్కపెడతారు. చిల్లు బిందె సంగతే ఇది. బిందె పెద్దదైతే ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. రేకుల దగ్గర నీరుంటే వాటిలో ఎక్కువ కరెంటు పడుతుంది, కారడానికి ఆలస్యమవుతుంది. మిషన్ కొలిచేది ఆ ఆలస్యాన్నే. నీరు పత్తిలో ఉందా, పట్టుకున్నవాడి చేతిలో ఉందా అన్నది దానికి తెలియదు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. చెమట చేతులు రెండూ రేకుల చుట్టూ బిగించి, అత్త పత్తి తడిసిందంటాడా ఈ పెద్దమనిషి?

ఆ మాటే మొహం మీద అన్నాను. యంత్రం అబద్ధం చెప్పుద్దా అని అప్పుడే అడిగాడు.

"అయితే పత్తి తీసేసి ఉత్త చేతులతో పట్టుకోండి, చూద్దాం."

మిషన్‌ను వెనక్కి తీసుకోబోయాడు. నేనే మిషన్ లాక్కుని రేకుల చుట్టూ పిడికిలి బిగించాను. అంకె అత్త పత్తిని దాటిపోయింది. వెనక ట్రాక్టర్ల మీదున్న రైతులు గొల్లున నవ్వారు. "ఒరేయ్, మేడమ్ గారిని కూడా ఆరబెట్టాలంట్రోయ్!" అని ఒకడు కేకేశాడు.

గుమస్తా మొహం కందగడ్డయింది. ఈసారి పిడి పట్టుకునే మిషన్‌ను బోరెంలోకి దించాడు. పొడి అని తేలింది. అత్త సరుకు కాటా ఎక్కింది.

తర్వాతి ట్రాక్టరు అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. గుమస్తా మళ్ళీ గుప్పెడు తీశాడు, రేకులకు చుట్టాడు, రెండు చేతులతో బిగించాడు. నా వంక చూస్తూనే బిగించాడు.

"చెయ్యి తియ్యండి!" అని అరిచాను.

"మీ సరుకు తీసుకున్నాంగా. ఇంకా ఏంది మేడమ్ మీ గోల?"

నేను నోరు తెరిచేలోపే ఆ పెద్దాయన నాకు అడ్డం వచ్చాడు. "నువ్వూరుకోమ్మా, నీకు పుణ్యముంటది. నువ్వు చెప్పి పోతావు. మేం ఏటేటా ఈయన కాడికే రావాల."

"పదవే, మన పనైపోయిందిగా" అని అత్త నా చెయ్యి పట్టి లాగింది. విదిలించుకున్నాను. గుమస్తా మీద, అత్త మీద, ఆ పెద్దాయన మీద, అందరి మీదా పళ్ళు పటపటా కొరికాను. అయినా సరుకు నాది కాదు. సరుకు ఎవరిదో ఆయనే వద్దంటున్నాడు.

మిషన్ పచ్చి అంది. పెద్దాయన ట్రాక్టరును గేటు బయటికి, దళారీ కూర్చున్న వైపుకు తిప్పించాడు. తిప్పించే ముందు గుమస్తాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.