గరుడకి కట్టిన నిమ్మకాయలు

ముందుగా ప్రమాణం. ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒక్క ముక్క అబద్ధమైనా మా ఊరి బెల్లం నా నాలుకకి వేపాకులా తగలాలి. అనకాపల్లివాడు బెల్లం మీద ఒట్టేశాక ఇంకో సాక్షిని అడగడం మర్యాద కాదు. ఇక వినండి, ఒక పెనం బెల్లమూ నా పరువూ ఒకే పూట ఎలా పోయాయో.

నేను ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి. నలభై దాటాక మనిషికి ఏదో ఒకటి వస్తుంది. కొందరికి బీపీ, కొందరికి రాజకీయం. నాకు విమానం వచ్చింది. రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం. ఒక్క ఇంజనుతో చేయడం మంచిదని ఫోనులో వీడియోలు చెప్పాయి. రోజంతా పంకాలు విప్పి బిగించే చేతికి ఒక్క పంకా ఆనుతుందా? ఎడమ రెక్కకొకటి, కుడి రెక్కకొకటి, రెండు పెట్టాలని తీర్మానించాను. రెక్క లేదు, తోక లేదు, విమానం పేరు గరుడ అన్నట్టు, ముందు పేరు పెట్టి ఆ తర్వాత థర్మోకోల్ కొన్నాను.

పనంతా ఇంటి వెనక గదిలో. థర్మోకోల్ పొడి వంటింటి దాకా ఎగిరి వచ్చేది. కొన్నాళ్లు దాన్ని కొబ్బరి కోరు అనుకునే తిన్నాను. కూరల్లో రుచి తేడా ఏమీ రాలేదు; ఈ మాట మా ఆవిడ వరలక్ష్మితో అనకండి.

విమానానికి రెక్కలు అతికించిన రోజునే మా అత్తవారి ఊరు కోటవురట్ల నుంచి ఫోను. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులట, వైద్యానికి వచ్చి మా ఇంట్లో ఉంటారట.

"గది ఖాళీ సెయ్యండి," అంది వరలక్ష్మి.

"మరి విమానం?"

"ఎగిరిపొమ్మనండి. ఎగరడానికే కదా సేత్తన్నారు."

"నిజంగా ఎగిరితే గది నాకు వదిలేత్తావా?"

వరలక్ష్మి పప్పులో గరిటె ఆపి ఆలోచించింది. "పదిమంది సూత్తుండగా ఎగరాల. ముక్కలవకుండా దిగాల. అలాగైతే గది మీదే, అమ్మకి హాల్లో మంచమేత్తాను. ముక్కలైతే గది అమ్మది, ఆ ముక్కలు పాతసామాన్లోడివి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలవడానికే రచ్చకెక్కాను.

ఆ రచ్చ కోటవురట్లలో, వరలక్ష్మి అన్న అప్పలనాయుడి పొలంలో. నాకు బావ. చెరుకు నరికేసిన మడిలో కొంత చదును చేయించి దాన్ని రన్‌వే అన్నాను, ఎవరూ నవ్వలేదు. పక్కనే బావ గానుగ షెడ్డు, పెద్ద పెనంలో రసం కుతకుతా ఉడుకుతోంది. చెరుకు కొట్టేవాళ్లూ చుట్టాలూ చేరారు. అత్తగారికి కుర్చీ వేశారు. వరలక్ష్మి కొంగు దోపుకుని న్యాయమూర్తిలా నిలబడింది.

అప్పుడొచ్చాడు మా బావ. ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ.

"ఏటి బావా ఇది?" అన్నాను నేను.

"దిష్టి బావా," అన్నాడు. "కొత్త ఆటోకైనా నిమ్మకాయలు కట్టకుండా రోడ్డెక్కిత్తామేటి?"

"ఆటో నేలమీద పోద్ది బావా. ఇది గాల్లోకి లేవాల. బరువైపోద్ది."

"విష్ణుమూర్తినే మోసినోడు గరుడు. నాలుగు నిమ్మకాయలు బరువేటి?"

"దారం పంకాలో సుట్టుకుంటే?"

"సుట్టుకోదు. గట్టిగా కడతాను కదా!"

శాస్త్రం తరఫున ఓపిక ఉన్నంతవరకు వాదించాను, ఇది పాఠకులు గుర్తించాలి. దండ ఎడమ రెక్క కింద వేలాడింది. కొబ్బరికాయ పగిలింది. చక్రం కింద ఇంకో నిమ్మకాయ పెట్టి తొక్కించబోతే, గరుడ దాన్నెక్కలేక వెనక్కి జారింది. చేత్తో ఎత్తి దాటించాం. నా ఆకాశయానం అలా మొదలైంది.

రిమోట్ మీద పుల్ల ముందుకు తోశాను. గరుడ పరుగెత్తింది, మొక్కు తీరినవాడిలా ఒక్కసారి పైకి లేచింది.

"ఒరే, లేచీసింది రోయ్!" అని కేకలు. అత్తగారు మోకాళ్లు మరిచి నిలబడిపోయారు. విమానం తాటిచెట్టంత ఎత్తుకి పోయింది. నేను గర్వంగా వరలక్ష్మి వైపు తిరిగి, "గది!" అన్నాను.

దండ జారి ఎడమ పంకాలో పడింది.

ముందు మిరపకాయలు నలిగాయి. ఆకాశం నుంచి పచ్చడి జల్లు కురిసింది. మడి మడంతా తుమ్మింది. నా కళ్లు మండిపోయి రిమోట్‌లో ఏ పుల్ల దేనికో తెలియలేదు. తర్వాత దారం చుట్టుకుని ఎడమ ఇంజను ఆగింది. కుడిది ఆగలేదు. పాపం, దానికి ఎవరూ చెప్పలేదు. ఒక్క పక్కే లాగేసరికి గరుడ గానుగెద్దులా షెడ్డు చుట్టూ తిరగడం మొదలెట్టింది.

"దింపు బావా!" అని అరిచాడు అప్పలనాయుడు.

"ఎటు దింపమంతావు? నాకేటీ కనపడ్డం లేదు!"

"ఎటైనా దింపు! పెనం మీదికి మాత్రం రానీకు!"

పెనం మీదికే వచ్చింది. సగానికి తెగిన నిమ్మకాయలు తిరుగుడికొకటి చొప్పున, చారులో పిండినంత పొదుపుగా, ఉడికే రసంలో పడ్డాయి. దండ ఖాళీ అయ్యాక బ్యాటరీ కూడా అయిపోయింది. గరుడ చెరుకు పిప్పి కుప్ప మీద, పరుపు మీద పసిపిల్లలా వాలింది.

బావ విమానాన్ని చూడలేదు. పెనాన్నే చూస్తున్నాడు. పులుపు తగిలిన పాకం బెల్లం కట్టదని మా వైపు ఉయ్యాల్లో పిల్లలకి కూడా తెలుసు. కలిపారు, ఆరబెట్టారు, దండం పెట్టారు. పాకం తనకేమీ తెలియనట్టు అటూ ఇటూ కదులుతూనే ఉంది.

నేను మాత్రం గరుడని ఎత్తుకుని పరుగెత్తాను. "సూడు! ఎగిరింది, దిగింది, ఒక్క గీతన్నా లేదు. గది నాదే!"

"మీదే," అంది వరలక్ష్మి. మాట తప్పే మనిషి కాదు. "అన్నియ్యా, ఆ పాకం డబ్బాలకెత్తించు. మొత్తం ఈయన గదిలో పెట్టించాల."

గది నాదే. తాళం కూడా నా జేబులోనే ఉంది. లోపల నేల నుంచి అటక దాకా పాకం డబ్బాలు. ఇక ఆ గదిలో పట్టేది చీమలు మాత్రమే. అత్తగారు హాల్లో టీవీ ఎదురుగా హాయిగా ఉన్నారు. నేనూ గరుడా వరండాలో ఉంటున్నాం. ఇడ్లీలోకి పాకం, చపాతీలోకి పాకం, చుట్టం వస్తే చేతికి పాకం. అత్తగారొక్కరే వేలు నాకి, "బాగుంది బాబూ, మళ్లీ ఎప్పుడెగరేత్తావు?" అంటారు.

ఎగరేయను. నిలువెత్తు డబ్బాల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో గాల్లోకి లేచే దేనికీ, చివరికి గాలిపటానికైనా సరే, నిమ్మకాయ కట్టేది లేదు.

ఒట్టేశాను కాబట్టి ఒక్క సవరణ. పైన ఒక చిన్న కల్పన ఉంది. దండ తెచ్చింది మా బావ కాదు. తెల్లారగానే దిష్టి భయంతో బజారుకెళ్లి నిమ్మకాయలు ఏరి తెచ్చుకున్నది నేను. "బరువైపోద్ది, దారం సుట్టుకుంటాది" అని మొత్తుకున్నది ఆయన. ఆయన మాటలు నేను తీసుకుని, నావి ఆయనకిచ్చాను. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం కనుక, రాసేటప్పుడు పెద్ద శ్రమ లేకపోయింది.