సైమీకి దారి

ఆర్వో కివెలాని ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందని అడిగినా వెంటనే చెప్పడు. లేచి వెళ్లి, చూసి వచ్చి, అప్పుడు చెబుతాడు. అలాంటి మనిషి చేత మా హాల్వర్సన్ అబద్ధం గీయించాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది డులూత్‌లో చిన్న పటాల కంపెనీ. పెట్రోలు బంకుల్లో పెట్టే రోడ్డు పటాలు వేసేవాళ్లం. ఆర్వో గీసేవాడు, నేను రంగులు వేసేదాన్ని, యజమాని హాల్వర్సన్ కబుర్లు చెప్పేవాడు. దేశం ఏర్పడిన కొత్తలో చేసిన మొదటి కాపీరైటు హక్కుల చట్టంలో పుస్తకాలకన్నా ముందు పటాల పేరే రాశారని గడప తొక్కిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోయేవాడు. "అప్పట్లో పద్నాలుగేళ్లు గీసినవాడిది. వాడు బతికుంటే ఇంకో పద్నాలుగేళ్లు. ఆపైన అందరిదీ. ఇప్పుడు గడువు పెంచార్లే" అనేవాడు.

"మరి గీసేది ఆర్వో కదా, హక్కు మీకెలా వచ్చింది?" అన్నాన్నేను ఒకసారి.

"జీతం ఎవరిస్తున్నారమ్మా హిల్డా?" అన్నాడు. చట్టం కూడా అదే అంటుంది లెండి.

చిక్కల్లా ఒక్కటే. నది ఎవరి సొత్తూ కాదు, దాన్ని గీసిన తీరే మన సొత్తు. ఎవడో మన పటాన్ని ఎత్తి రాసుకుని, "మేమూ వెళ్లి కొలిచాం, నది అక్కడే ఉంది మరి" అంటే ఏం చేస్తాం? అందుకని మా పనిలో ఒక అలవాటుంది. పటంలో ఏదో మూల లేని ఊరొకటి పెడతారు. అది ఇంకొకరి పటంలో కనబడితే దొంగ దొరికినట్టే.

ఆర్వో పెట్టనంటే పెట్టనని భీష్మించుకు కూర్చున్నాడు. హాల్వర్సన్ రోజూ సతాయించాడు. చివరికి ఆర్వో, మనిషి కాలు పెట్టని ఒక బురద అడవి చూసి, అక్కడొక చుక్క పెట్టి, పక్కన తన భార్య పేరు రాశాడు: సైమీ. దారి లేని ఊరంటే అనుమానం వస్తుందని, అటూ ఇటూ ఉన్న పెద్ద రోడ్లని కలుపుతూ ఆ చుక్క మీదుగా సన్నని గీత ఒకటి లాగాడు.

సైమీ ఆ పటాన్ని వంటింటి గోడకి అంటించుకుంది. "నా పేరున ఊరుంది, నీకుందా?" అని నన్ను ఆటపట్టించేది.

"జనాభా ఎంతేమిటి?"

"నేనొక్కత్తినే. పన్నులు కూడా లేవు!"

కొన్నాళ్లకి సెయింట్ పాల్‌లోని పోటీ కంపెనీ పటంలో సైమీ కనబడింది, ఆ సన్న గీతతో సహా. హాల్వర్సన్ ఎగిరి గంతేసి కేసు వేశాడు. తమవాళ్లూ వెళ్లి చూసి గీశారని వాళ్లు బుకాయించారు. అవి ఎక్కడా పనులు దొరకని రోజులు. కేసు ఓడితే కంపెనీ మూతపడి మేమంతా వీధిన పడతాం. గెలవాలంటే ఆర్వో బోనెక్కి, ఆ ఊరు తనే పుట్టించానని ప్రమాణం చేస్తే చాలు.

తొలి మంచు పడ్డ వారం, కాఫీ తాగుతూ పేపరు చూస్తున్న ఆర్వో చేతిలో ఉన్న ఏలకుల రొట్టె కింద పెట్టేశాడు. మళ్లీ ముట్టలేదు. కలప కూలీల పల్లెలో ఐలి అనే చిన్నపిల్లకి డిఫ్తీరియా వచ్చింది. మందు తీసుకుని బయల్దేరిన డాక్టర్ బ్రాండ్వోల్డ్, దగ్గరదారి కదా అని సైమీ మీదుగా కారు పోనిచ్చి బురదలో దిగబడ్డాడు. నడుచుకుంటూ చేరేసరికి పిల్ల పోయింది.

పటంలో ఉంది కాబట్టే వచ్చానని డాక్టరు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పటం తప్పు చెబుతుందా, ఈయనే తాగి ఉంటాడని తీర్మానించేశారు. "సైమీ డాక్టరు" అని వెక్కిరించారు. రోగులు ఆయన గుమ్మం తొక్కడం మానేశారు.

కారులో ఉన్నది ఎవరి పటమో హాల్వర్సన్ వాకబు చేయించాడు. పోటీవాళ్లది. మనిషి ముఖం వెలిగిపోయింది. "బతికాం! మనది కాదు."

"గీత నాదే కదండీ" అన్నాడు ఆర్వో.

"నోరు మూసుకో. ఊరి సంగతి అడుగుతారు, ఊరి సంగతే చెప్పు. దారి ఊసెత్తకు. ఇంతమంది పొట్ట కొడతావా?"

సైమీ గోడ మీది పటం తీసేసింది. "నా పేరు తిట్టయిపోయింది హిల్డా" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

కోర్టులో ఆర్వో ప్రమాణం చేశాడు. ఊరు తను పుట్టించిందేనన్నాడు. అక్కడితో ఆగితే మాకు సరిపోయేది. "దారి కూడా నేనే గీశానండీ. డాక్టరుగారు తాగలేదు. పటాన్ని నమ్మారు, అంతే" అన్నాడు. వెనక బెంచీలో ఉన్న బ్రాండ్వోల్డ్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

పిల్ల చావుకి ఆ దారే కారణమని తేలగానే, నింద తమ మీద పడకుండా పోటీవాళ్ల లాయరు మాట మార్చేశాడు. "అవునండీ, ఎత్తి రాశాం. ఆ ఊరు వాళ్లదే." హాల్వర్సన్ తల ఎత్తలేదు.

"ఇంతకీ ఈ ఊరు ఎవరిది?" అన్నారు జడ్జిగారు.

"నాదేనండీ" అన్నాడు ఆర్వో.

"చట్టప్రకారం మీ యజమానిది."

"హక్కు ఆయనదేనండీ. అబద్ధం నాది."

నిజమని చెప్పి అమ్మిన ఊరిని ఇప్పుడు కల్పన అంటూ హక్కు అడగడం కుదరదని జడ్జిగారు కేసు కొట్టేశారు. ఆ చలికాలం దాటకుండానే కంపెనీ మూతపడింది.

తీర్పు వచ్చిన రోజే కోర్టు వరండాలో ఐలి తండ్రి ఎస్కో ఆర్వోకీ, సైమీకీ, నాకూ ఎదురొచ్చాడు. కొడతాడేమోనని భయపడ్డాను. జేబులోంచి పటం తీసి, కిటికీ అరుగు మీద పరిచి, ఆర్వో చేతికి పెన్సిల్ ఇచ్చాడు.

"ఆ దారి కొట్టెయ్యండి."

ఆర్వో కొట్టేశాడు.

"ఆ పేరు కూడా."

ఆర్వో పెన్సిల్ ఆగిపోయింది. "అది మా ఆవిడ పేరు, బాబూ" అన్నాడు.

సైమీ భర్త చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, తన పేరు తనే కొట్టేసింది, ఒక్క అక్షరం కూడా కనబడకుండా.